రాయిని అడగని విచారణ

పోయినవారం మనం కోతలక్కను ఆమె గదిలోనే, తలుపు వేసుకుని కోపంతో కుతకుతలాడుతుండగా వదిలేసి వచ్చాం. ఈపాటికి ఆ కోపం చల్లారి ఉంటుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు ఆమె సంగతి తెలియదన్నమాట. కొత్తగా కథలోకి వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. చంద్రుడి మీద నుంచి తెచ్చిన రాళ్ళను దాచి, కోసి, పరీక్షించే ప్రయోగశాల అది. అందులో రాళ్ళు కోసేది ఆమె, అందుకే కోతలక్క. కోతలు కోసేవాళ్ళు ఆ భవనంలో అంతస్తుకు పదిమంది ఉన్నారు గానీ, రాయి కోసేది మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆమె ఒక్కతే.

రెండేళ్ళ కిందట ఆమె కోసిచ్చిన ఒక రాతి పలక మీద తుప్పు కనిపించింది. నీరూ గాలీ లేని చంద్రుడి మీద ఇనుము తుప్పు పట్టిందంటే, అక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతాలు నీటి ఆవిరి కక్కి ఉండాలని డైరెక్టరు లోకమంతా చాటాడు. ఆ డైరెక్టరు మరెవరో కాదు, కోతలక్కకు సొంత మరిది. పతకాలొచ్చాయి, శాలువాలొచ్చాయి. పోయిన నెల ఇంకో దేశపు ప్రయోగశాలవాళ్ళు ఆ పలకను పరీక్షించి, ఇది భూమ్మీద పట్టిన తుప్పేనని తేల్చిపారేశారు. వెంటనే ముగ్గురు పెద్దలతో విచారణ సంఘం వేశారు. తప్పంతా కోత దగ్గరే జరిగిందని ఆ సంఘం తేల్చిందన్న కబురు కోతలక్క చెవిన పడేసరికి పోయినవారం కథ ఆగింది.

ఇక్కడ ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. గురువారం నాడు కొత్త పెట్టె వస్తోంది. చంద్రుడి అవతలి ముఖం నుంచి, మనకు ఏనాడూ కనపడని వైపు నుంచి తెచ్చిన రాళ్ళవి. వాటిమీద తొలి కోత కోతలక్కదేనని ఏడాది కిందటే నిర్ణయమైంది. ఆ ఒక్క కోత కోసం ఆమె ఏడాదిగా మామూలు రాళ్ళ మీద వందలసార్లు చెయ్యి సరిచూసుకుంది. తప్పు తనదని తేలితే ఆ పెట్టె మూత కూడా చూడనివ్వరు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు తలుపు చప్పుడైంది. తలుపు దానంతటదే తెరుచుకుని, ముందు ఒక కాగితం, దాని వెనక మరిది లోపలికి వచ్చారు.

"వదినా, భోంచేశావా?" అన్నాడు.

"నా భోజనం సంగతి అడగడానికి డైరెక్టరుగారు మూడంతస్తులు దిగి రానక్కర్లేదు. ఆ చేతిలోది ఏంటి?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ గదిలో కుర్చీ ఒక్కటే ఉంటుంది, అది ఆమెది. మూలన భూమ్మీది రాళ్ళు అరగదీసే సానచక్రం తప్ప మిగతా చోటంతా గాజు పెట్టెదే. నడుమెత్తు బల్ల మీద పొడుగాటి గాజు పెట్టె, లోపల గాలి బదులు నైట్రోజన్, దానికి ముందువైపు బిగించిన రెండు జతల నల్లటి రబ్బరు తొడుగులు. బయట నుంచి వాటిలో చేతులు దూర్చి లోపలి రాయిని పట్టుకోవాలి. రంపం కూడా లోపలే ఉంది. దానికి నీళ్ళు పెట్టరు, నూనె పెట్టరు. ఎండు రంపంతో గంటకు గోరంత మందం చొప్పున కోస్తూ పోవడమే.

"అరవకుండా వింటానంటే చెప్తాను. సంఘం నిన్ను ఇంటికి పంపించేద్దామంది. నేను కాళ్ళా వేళ్ళా పడి ఆపాను. స్టోర్స్‌లో కూర్చోబెడతారు. జీతం తగ్గదు, ఎండనపడి తిరిగేది లేదు. నాలుగింటిలోపు దీని మీద సంతకం పెడితే సరిపోతుంది."

ఆమె కాగితం లాక్కుని చదివింది. "రంపము వేడెక్కినందున నియమములకు విరుద్ధముగా కొళాయి నీటిని వాడితిని. ఇందుకు పూర్తి బాధ్యత నాదే. ఇకమీదట చంద్రశిలలను ముట్టబోనని హామీ ఇచ్చుచున్నాను." కింద ఆమె సంతకానికి ఖాళీ జాగా, దాని కింద సంఘం సభ్యుల మూడు సంతకాలు.

"వాడితినిట! నా జన్మలో నేనెప్పుడన్నా 'వాడితిని' అన్నానా? అబద్ధం ఆడించేవాళ్ళు కనీసం నా భాషలోనన్నా ఆడించొచ్చు కదా!"

"అది ఆఫీసు భాష వదినా. దాన్ని పట్టించుకోకు."

"మరి దేన్ని పట్టించుకోను? మొదటి రోజు నుంచి చుక్క నీళ్ళు తగలనివ్వకుండా కోసినదాన్ని. ఈ గదిలో మంచినీళ్ళ సీసా కూడా పెట్టుకోను. దాహమేస్తే వరండా చివరికి వెళ్ళి తాగొస్తా. అలాంటిది కొళాయి నీళ్ళు పోశానని రాసిమ్మంటావా? రాసిచ్చి, రబ్బరు స్టాంపులు లెక్కపెట్టుకుంటూ స్టోర్స్‌లో కూర్చోమంటావా?"

అతను గొంతు తగ్గించాడు. ఇంట్లో మాట్లాడే గొంతు అది. "నీ చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి. నీకు చెడు తలపెడతానా? ఇంకెవరి మీదికన్నా పోతే ప్రయోగశాల మూసేస్తారు. నువ్వు ఒప్పుకుంటే పొరపాటని సరిపెట్టేస్తారు. మన కుటుంబం పరువు కూడా ఉంది కదా."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో కోతలక్కకు ఆ క్షణాన తెలిసింది. అతను చదువుకున్న ఆరేళ్ళూ ఆమె ఇంటి ముందుగదిలోనే పడుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క దీపం అతని పరీక్షలకే ఉండాలని ఆమె తన పరీక్షకు కట్టిన ఫీజు వదిలేసుకుంది. ఇంటర్వ్యూకు వేసుకెళ్ళిన చొక్కా ఇస్త్రీ చేసిందీ ఆమే. అవేవీ ఆమె ఏనాడూ నోరు తెరిచి అనలేదు. ఇవాళ అనాలనిపించింది గానీ, అన్నం పెట్టిన లెక్క తాను చెబితే తానే చిన్నదైపోతుందని పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

"సరే, నీళ్ళు పోశాననే అనుకో. మన కొళాయి కింద పెట్టిన బకెట్ ఎప్పుడన్నా చూశావా? వారం తిరిగేసరికి తెల్లగా పెచ్చు కడుతుంది. అంత సున్నం ఆ నీళ్ళలో. ఆ నీళ్ళతో కోస్తే తుప్పులో సున్నం దొరకాలి. అవతలి దేశంవాళ్ళ రిపోర్టు నేనూ చదివాను, అక్షరం వదలకుండా. ఉప్పు ఉందన్నారు, సున్నం ఊసే లేదు."

"అవన్నీ తేల్చడానికి రసాయన శాస్త్రం చదివినవాళ్ళున్నారు వదినా."

"అవునా? అయితే చదవనిదాన్ని నాకు తెలిసిందేదో నేను చూపిస్తాను. నడువ్. తాళం తీసుకో."

రాళ్ళు దాచే గది వరండాకు అవతలివైపు. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆమె దగ్గర, ఇంకొకటి డైరెక్టరు దగ్గర ఉంటాయి. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. అతను జేబులు తడుముకున్నాడు, చెవి పైన మరిచిపోయానన్నాడు, ఇప్పుడెందుకన్నాడు. ఆమె కదలకుండా చెయ్యి చాపి నిలబడింది. చివరికి చెవి చొక్కా జేబులోనే దొరికింది.

లోపల వరసగా గాజు పెట్టెలు. మూడో పెట్టెలో ఉంది ఆ రాయి. పిడికెడంత ఉంటుంది, బూడిదరంగు. చంద్రుడి మీద ఏవో ఉల్కలు వచ్చి గుద్దినప్పుడు పగిలిన రకరకాల రాళ్ళు కరిగి, కలిసి, గడ్డకట్టిన రాయి అది. తెల్లటి ముక్కలు, నల్లటి గాజు చినుకులు, వాటి మధ్య గుద్దిన ఉల్క తాలూకు ఇనుము. దాని వయసు దాదాపు నాలుగు వందల కోట్ల ఏళ్ళు. ఆకాశం వైపు ఉన్న ముఖమంతా సూదిమొనంత గుంటలు. ఆపడానికి గాలి లేదు కదా, ఎగిరొచ్చిన ప్రతి నలుసూ ఆ రాయిని తాకి ఒక గుర్తు పెట్టిపోయింది. పక్కనే అక్షరాలు చెక్కిన చిన్న అల్యూమినియం దిమ్మ ఉంటుంది. చంద్రుడి మీద ఆ రాయి పడి ఉన్నప్పుడు ఏ వైపు పైకుందో, ఏ వైపు కిందుందో దాన్ని చూసి చెప్పాలి. ఆ దిమ్మను వేలెడు జరిపినా కోతలక్క ఒప్పుకోదు.

ఆమె తొడుగుల్లో చేతులు దూర్చింది. "ఈ రాయి నుంచే ఆ పలక కోశాను. ఒక గింజను రెండు బద్దలు చేస్తే రెండిటి లోపలి ముఖాలూ ఒకటే. పలక మీద బొటనవేలి గోరంత ఇనుము మచ్చ ఉంది, తుప్పు పట్టింది దానికే. అందులో సగం ఈ రాయిలోనే ఉండిపోయింది. ఒకే రంపం, ఒకే కోత. నేను నీళ్ళు పోసుంటే రెండూ తడవాలి. అవునా, కాదా?"

అతను గడియారం చూసుకున్నాడు.

"అవునా, కాదా?"

"అవును."

ఆమె రాయిని పసిపిల్లను తిప్పినంత మెల్లగా తిప్పి, కోసిన ముఖం దీపం వైపు పెట్టింది. ఇనుము మచ్చ తళుక్కుమంది. కొత్త గరిటెలా ఉంది తప్ప ఎక్కడా ఎరుపు జాడ లేదు.

"బాగా చూడు. రెండేళ్ళయింది కోసి."

"ఏమో వదినా, ఇది తర్వాత ఎండిపోయి..."

"ఎండితే తుప్పు పోతుందా? మీ ఇంటి గేటుకు చెప్పు ఆ మాట! సంఘంవాళ్ళు ఈ గదిలోకి వచ్చారా?"

"రాలేదు."

"తాళం తీయమని నిన్ను అడిగారా?"

"అడగలేదు. కాగితాలు పంపమన్నారు. పంపాను."

"అదీ సంగతి! రాయిని అడగాల్సింది పోయి కాగితాన్ని అడిగారు. కాగితందేముంది, రాసినవాడి మాట వింటుంది."

అతని మొహంలో రంగు మారింది. అయినా పెద్ద పదవిలో ఉన్నవాడు కదా, తేరుకోవడం అతనికి అలవాటే. "ఒప్పుకున్నాను. నీళ్ళు నీవి కావు. మరి తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది? దానికి నీ దగ్గర జవాబుందా? సంఘం అడిగేది అదే. జవాబు లేకపోతే ఆఖరున ముట్టుకున్నది నువ్వే అవుతావు."

జవాబు ఆమె దగ్గర లేదు. కోపం ఉంది గానీ కోపం జవాబు కాదు. చేతులు బయటికి తీసి, ఆ కాగితాన్ని చింపి పారేద్దామని అందుకుంది. అందుకున్న మనిషి అలాగే ఆగిపోయింది.

కాగితం పైమూల ప్రయోగశాల గుర్తు ఉంది. పేరొచ్చిన కొత్తలో మరిది పాత గుర్తు తీయించి, ఆ తుప్పు ఫోటోను అచ్చు వేయించాడు. ఎర్రటి వంకర గీతలు, ఆరో ఏడో, ఒకదాని లోపల ఒకటి. అగ్నిపర్వతపు ఆవిరి అలలు అలలుగా ఇనుము మీద నుంచి పారిన గుర్తులని ఆ గీతలకు అర్థం చెప్పారు. కింద హాల్లో అదే ఫోటో గోడంత ఉంది. వచ్చినవాళ్ళంతా తలలు పైకెత్తి చూసి నోళ్ళు వెళ్ళబెడతారు. కోతలక్క కూడా రోజూ దాని ముందు నుంచే నడిచి వస్తుంది. గోడంత సైజులో చూస్తే అవి అలలే. కాగితం మూలన, ఆ ఇనుము మచ్చ అసలు ఎంత ఉందో అంతే చిన్నదిగా అచ్చయితే మాత్రం అలల్లా లేవు.

"ఇది వేలిముద్ర," అంది.

"ఏంటి?"

"వేలిముద్రరా! మనిషి బొటనవేలు! చెమట, ఉప్పు. చెమటలో సున్నమెక్కడిది? అందుకే లేదు. గీతలు గీతలుగా అంటింది, అంటిన చోటల్లా తుప్పు పట్టింది. ఎవడో ఉత్త చేత్తో ముట్టుకున్నాడు నా పలకను! అందరూ మైక్రోస్కోపులోంచి చూసి అగ్నిపర్వతం అన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడు."

అతను గోడకు ఆనుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా ఉండడు.

"శుక్రవారం మధ్యాహ్నం నీ చేతికిచ్చాను, సంచిలో సీలు వేసి. మైక్రోస్కోపు గది రిజిస్టరులో సోమవారం పొద్దున ఎక్కింది. ఆ రెండు రోజులూ ఎక్కడుంది?"

"వదినా..."

"ఎక్కడుంది?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రంపం తాత అడిగాడు. కళ్ళు పోతున్నాయిరా, నలభై ఏళ్ళు తొడుగుల్లోంచే పట్టుకున్నాను, ఒక్కసారి ఉత్త చేత్తో పట్టుకుని పోతానన్నాడు. ఆ పెద్దాయన అంతలా అడిగితే కాదనలేకపోయాను. ఇంటికి తీసుకెళ్ళి అరచేతిలో పెట్టాను. వేలితో మెల్లగా తడిమాడు, పదినిమిషాలు. మళ్ళీ సంచిలో పెట్టి తెచ్చేశాను. ఇంత జరుగుతుందని ఎవరనుకున్నారు?"

రంపం తాత అంటే ఆ కోత గది పెట్టిన మనిషి. నీళ్ళు అక్కర్లేని రంపం తయారుచేసింది ఆయనే. ఆమె చేరిన మొదటి రోజున బల్ల మీది రాయిని ఊరికే వేలితో తాకబోతే, స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి వేశాడు. ముట్టుకున్నవాడు రాయిని చదవడు, దాని మీద తన సంగతి రాసిపోతాడు అన్నాడు. ఆ మాటను ఆమె ముప్పై ఏళ్ళు మంత్రంలా మోసింది. ఇప్పుడు విచారణ సంఘానికి పెద్ద కూడా ఆయనే. కాగితం మీద మూడు సంతకాల్లో మొదటిది ఆయనది. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన సంతకం ఏటవాలుగా పైకెక్కుతుంది, ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టొచ్చు.

ముట్టింది ఆయన. తీర్పు రాసింది ఆయన. శిక్ష మాత్రం తనకు.

"నువ్వూ రా," అని మరిదితో అని, కాగితం గుప్పిట్లో నలుపుతూ వరండాలోకి నడిచింది. తన గది తలుపు బార్లా తెరిచి ఉందని కూడా చూసుకోలేదు. సంఘం కూర్చున్న గది అదే వరండాకు ఆ చివర.

ముగ్గురూ టీ తాగుతున్నారు. రిటైరైన ఇంజనీరు ఒకాయన, ఖనిజాల ప్రొఫెసరమ్మ, నడుమ రంపం తాత. ఆమె తలుపు తోసిన తోపుకు ఇంజనీరు టీ చొక్కా మీద ఒలికింది.

"అమ్మాయేనా? అడుగులు విని పోల్చుకున్నాను," అన్నాడు రంపం తాత.

"అడుగులు గుర్తున్నాయి, సంతోషం. ఇంకేం గుర్తున్నాయి గురువుగారూ? స్కేలుతో వేళ్ళ మీద కొట్టింది గుర్తుందా? ముట్టుకున్నవాడు చదవడన్నది గుర్తుందా?" రాయి సంగతి చెప్పింది, సున్నం సంగతి చెప్పింది, వేలిముద్ర సంగతి చెప్పింది. రెండేళ్ళ కిందట ఆయన ఇంట్లో, ఆయన అరచేతిలో జరిగింది చెప్పింది. "మీకు ముచ్చటైతే నన్నడగాల్సింది. ఉత్త చేత్తో ముట్టడానికి వీల్లేదని మీరు నేర్పిన మాటే మీకు తిరిగి చెప్పి, కాళ్ళకు దండం పెట్టేదాన్ని. చాటుగా ముట్టుకున్నారు. పోనీ, ముసలితనం అనుకుందాం. ఆ ముట్టిన చేత్తోనే తప్పు నాదని సంతకం పెట్టారే! అది ఏ తనం? మీ దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గుగా ఉంది నాకు."

ప్రొఫెసరమ్మ కప్పు కింద పెట్టి మెల్లగా రంపం తాత వైపు తిరిగింది. ఇంజనీరు తుడుచుకోవడం ఆపేశాడు.

రంపం తాత టీ కప్పును తడిమి పక్కకు జరిపాడు. "అయిందా అమ్మాయ్?"

"ఇంకా చాలా ఉంది."

"మిగతాది తర్వాత తిడుదువుగాని. ఆ ముద్రలో గీతలు స్పష్టంగా ఉన్నాయా?"

"ఎందుకు లేవు? ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు."

"అయితే ఇలా రా." ఆయన కుడిచెయ్యి చాపి, బొటనవేలు పైకి తిప్పి పెట్టాడు. "నాకు కళ్ళు లేవు. నువ్వు చూసి చెప్పు."

ఆమె చూసింది. వేలి కొన నున్నగా ఉంది. అరిగిన మెట్టులా, గీత అన్నది లేకుండా మెరుస్తోంది.

"మర్చిపోయావా?" అన్నాడు ఆయన. "గాజు ముక్కకు రాతి ముక్క అంటించి, సానచక్రం మీద గరుకు పొడి వేసి, వేలి కొనలతో అదిమి అరగదీస్తాం. వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా అయ్యేదాకా. భూమ్మీది రాళ్ళు ఎన్ని వేలు చేసుంటాం నువ్వూ నేనూ? రాయి ఒక్కటే అరుగుతుందా? నా వేలికి గీతలు పోయి పాతికేళ్ళయింది. నీ వేలు చూసుకో."

చూసుకోవలసిన పని లేదు. గేటు దగ్గర హాజరు వేసే మిషను ఏనాడూ ఆమె వేలిని గుర్తుపట్టలేదు. ఆమె ఒక్కదానికే కార్డు ఇచ్చారు. కాపలా అతను రోజూ నవ్వుతాడు కూడా. ప్రొఫెసరమ్మ అయినా ఊరుకోకుండా బల్ల మీది స్టాంపు ఇంకు తెచ్చింది. రంపం తాత వేలు ఒత్తించి చూసింది, కోతలక్క వేలు ఒత్తించి చూసింది. తెల్ల కాగితం మీద రెండు నీలం మరకలు పడ్డాయి, గీతలు లేని ఉత్త మరకలు.

"నువ్వే ఒప్పుకున్నావని నీ మరిది చెప్పాడమ్మాయ్," అన్నాడు రంపం తాత. గొంతులో కోపం ఇప్పుడు పైకి వస్తోంది. "నువ్వు ఏడ్చిన ఏడుపు కూడా చేసి వినిపించాడు. మొహం చూపించలేక రాలేదన్నాడు. వీళ్ళిద్దరూ ఇంటికి పంపేద్దామంటే, స్టోర్స్‌లోనైనా ఉంచమని నేనే పట్టుబట్టాను. నీ పని చూసినవాణ్ణి, నమ్మకూడదు. నమ్మాను. నా దగ్గరికి ఏ రాయీ రాలేదు. తెస్తే వాడి వేళ్ళు విరగ్గొట్టి ఉండేవాణ్ణి."

కోతలక్కకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లోకంలో ఇంకెవరికైనా తెలియకపోవచ్చు గానీ, రాయి అరగదీసేవాడికి వేలిముద్ర ఉండదని తనకు తెలియదా? రాయిని అడగలేదని సంఘాన్ని దులిపిన మనిషి, తాను మాత్రం కన్నీళ్ళు చూసి నమ్మేసింది. గురువును నలుగురిలో నిలబెట్టి నానా మాటలూ అంది. ఆ సిగ్గు ఎంతోసేపు సిగ్గుగా ఉండలేదు. రెండింతల కోపమై వెనక్కి తిరిగింది.

తలుపు దగ్గర ఎవరూ లేరు. వెంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డవాడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"ఫోటోలో ఉన్నది ఆరేడు గీతలే," అంది ప్రొఫెసరమ్మ గబగబా. "ఇనుము మీద పడినంత వరకే తుప్పు. మిగతా వేలంతా ఉప్పుగా రాతి మీదే ఉండి ఉంటుంది. కంటికి కనపడదు గానీ యంత్రానికి దొరుకుతుంది. ఎవరి వేలో పోల్చాలంటే ఆ పలక కావాలి. ఎక్కడుంది?"

"పరీక్ష అయి తిరిగొచ్చి మైక్రోస్కోపు గదిలో ఉంది. తాళం డైరెక్టరు దగ్గరే," అన్నాడు ఇంజనీరు.

"అరనిమిషం అరగదీస్తే చాలు," అంది కోతలక్క. "తుప్పూ పోతుంది, ఉప్పూ పోతుంది. ఇంక ఎవరి ముద్రా ఉండదు. నేను నీళ్ళు పోయలేదని చెప్పేవాడూ ఉండడు."

రంపం తాత చెయ్యెత్తి అందరినీ ఆగమన్నాడు. తల ఒకవైపు వంచి వింటున్నాడు. చూపు పోయాక ఆయన చెవులు రెండింతలు పనిచేస్తున్నాయి.

"అమ్మాయ్, నువ్వు ఈ గదిలోనే ఉన్నావు కదా?"

"ఇక్కడే ఉన్నాను గురువుగారూ."

"మరి నీ గదిలో సానచక్రం తిప్పుతున్నదెవరు?"